నీళ్ల సంచి, వీపు, గాలి

ఈ మధ్య కరీంనగర్‌లో తెల్లవారకముందే లోయర్ మానేరు కట్ట వైపు వెళ్తే గేర్ల సైకిళ్లు బాగా కనిపిస్తున్నాయి. ఆదివారం నాడు కొందరు ఎలగందుల ఖిల్లా దాకా పోతున్నారు. ఇంకొందరు సైకిళ్లను బండికి కట్టుకుని నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ చేరుకుంటున్నారు, అక్కడినుంచి సాత్మాల గుట్టల తొవ్వ పడుతున్నారు. లావు టైర్లు, ముందు చక్రానికి షాక్ అబ్జార్బర్లు ఉన్న ఈ సైకిళ్లను మౌంటెన్ బైకులు అంటున్నారు. తొక్కేవాళ్లలో చాలామంది వీపున చిన్న సంచి ఉంటుంది. అందులో ఉండే నీళ్ల తిత్తి నుంచి భుజం మీదుగా నోటి దగ్గరకు సన్నని గొట్టం వస్తుంది. ఈ పూట ఆ సంచి గురించి మాట్లాడతాను.

దుకాణంలో అడిగితే ముందుగా చెప్పేది అందులో ఎన్ని లీటర్లు పడతాయన్నదే. నేను మాత్రం మిమ్మల్ని ఇంకో ప్రశ్న ముందు అడగమంటాను. రెండు లీటర్ల నీళ్లతో అది తగిలించుకుని వంగి సైకిల్ తొక్కుతుంటే నా వీపుకు గాలి తగులుతుందా? మన జిల్లాల ఎండలో మిగతావన్నీ దీని తర్వాతే.

ఎందుకో చెప్పాలంటే ఒంటి వేడి లెక్క కొంచెం చూడాలి. గుట్ట ఎక్కుతున్న మనిషి పెడల్ మీద 150 వాట్ల శక్తి పెడుతున్నాడనుకుందాం. అలవాటున్న మామూలు మనిషి ఆ మాత్రం పెట్టగలడు. మన కండరాలు తాము ఖర్చుచేసే శక్తిలో సుమారు నాలుగో వంతునే పనిగా మార్చగలవు, మిగతా ముప్పావు వంతు వేడిగా మారుతుంది. అంటే 150 వాట్ల పనికి తోడు 450 వాట్ల వేడి ఒంట్లో పుడుతూ ఉంటుంది. డిసెంబరులో ఆ వేడిని చల్లగాలి తీసుకుపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో సంగతి వేరు. రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు ఎండ 42, 44 డిగ్రీలకు పోతుంది, కొన్ని రోజులు 45 కూడా దాటుతుంది. మన చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయటి గాలే ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు అది మన వేడిని తీసుకోకపోగా తన వేడిని మనకు ఇస్తుంది. అప్పుడు ఒంటికి మిగిలిన దారి చెమట ఒక్కటే.

ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతుంది. ఇందాకటి 450 వాట్ల లెక్కకు గంటకు 650 నుంచి 700 మిల్లీలీటర్ల చెమట ఆవిరైపోవాలి. ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఆవిరి కావడం. చొక్కా తడిసి నడుము కిందికి కారిన చెమట ఒంటిని చల్లబరచదు. నీళ్లు పోయాయి, ఉప్పు పోయింది, వేడి మాత్రం లోపలే ఉంది. ఇంట్లో రంజన్ సంగతే చూడండి. మట్టి గోడలోంచి ఊరిన తేమ గాలికి ఆరుతుంది కాబట్టే లోపలి నీళ్లు చల్లబడతాయి. అదే రంజన్‌కు ప్లాస్టిక్ కవరు బిగించి కడితే పొద్దంతా ఉంచినా నీళ్లు చల్లబడవు. గాలి ఆడని సంచి వీపుకు చేసేది సరిగ్గా ఆ పనే.

కాలిన గాయాలను కొలిచేటప్పుడు డాక్టర్లు ఒంటిని తొమ్మిది శాతాల భాగాలుగా విడదీసి లెక్కవేస్తారు. ఆ లెక్కలో మెడ కింది నుంచి నడుము దిగువ దాకా వెనక భాగమంతా 18 శాతం. సంచి అందులో సగం కప్పినా ఒంటి చర్మంలో పదో వంతుకు దగ్గరగా చెమట ఆరకుండా పోయినట్టే. పైగా వీపు చెమట బాగా పట్టే చోటు.

ఇంకో సంగతి వేగం. తారు రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్లతో పోయేవాళ్లకు ఎదురుగాలి దానంతటదే వస్తుంది. మహబూబ్ ఘాట్ మలుపుల్లోనో, ఉట్నూరు వైపు అడవి అంచున బండ్ల బాటలోనో ఎక్కుడు పడ్డప్పుడు వేగం ఏడెనిమిది కిలోమీటర్లకు పడిపోతుంది. గుండె వేగంగా కొట్టుకునేది, ఒళ్లు ఎక్కువ వేడెక్కేది అప్పుడే. గాలి అసలు లేనిదీ అప్పుడే. చుట్టూ టేకు చెట్లు ఆకు రాల్చి నిలబడి ఉంటాయి, నీడ కూడా దొరకదు. సంచికీ వీపుకూ మధ్య కావలసిన సందు ఆ ఎక్కుడు కోసమే.

వీపున నీళ్లు మోసి గొట్టంతో తాగే సంచి పుట్టింది కూడా ఎండలోనే. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో విచిటా ఫాల్స్ అనే ఊళ్లో ఏటా ఆగస్టు నెలలో నూరు మైళ్ల సైకిల్ యాత్ర జరుగుతుంది. ఊరికి నూరేళ్లు నిండిన సందర్భంగా 1982లో మొదలుపెట్టారు. అక్కడి వేసవి మన ఎండాకాలానికి తీసిపోదు. 1980ల చివర్లో అందులో పాల్గొన్న మైకేల్ ఐడ్సన్ అంబులెన్సులో పనిచేసే పారామెడిక్. ఆయన సెలైన్ సంచిలో నీళ్లు నింపి, దాన్ని పొడుగాటి మేజోడులో దూర్చి, చొక్కా వీపుకు పిన్నులతో గుచ్చుకున్నాడు. గొట్టాన్ని భుజం మీదుగా తెచ్చి, నీళ్లు కారకుండా బట్టల క్లిప్పు పెట్టాడు. ఆ ఆలోచనలోంచే క్యామెల్‌బ్యాక్ కంపెనీ వచ్చింది. వీపుకు గాలి ఆడించే ఆలోచన మాత్రం దానికన్నా ముందుది. 1984లో జర్మనీకి చెందిన డాయ్‌టర్ కంపెనీ సంచి వెనక చట్రానికి జాలీ బిగించి, వీపుకు తగిలేది ఆ జాలీ మాత్రమే అయ్యేలా చేసింది. ఇప్పుడు మన దుకాణాల్లో దొరికే మంచి సంచులు ఈ రెండు ఆలోచనల కలయికే.

ఆదిలాబాద్ గుట్టల్లో నీళ్లు వెంట మోసుకుని నడవడం కొత్త విషయం కాదు. పశువుల వెంట పోయేవాళ్లు ఎండిన ఆనపకాయ బుర్రలో నీళ్లు నింపి భుజాన వేలాడదీసుకునేవాళ్లు. బుర్ర తేలిక, ఒంటికి అతుక్కోదు, నడుస్తుంటే ఊగుతూ గాలికి ఉంటుంది. గోండుల్లో మెస్రం వంశీయులు నేటికీ పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా అభిషేకానికి కాలినడకన వెళ్లి గోదావరి నీళ్లను ఝరి అనే పాత్రలో తెస్తారు. అది మొక్కు, మనది వ్యాయామం, రెండింటినీ పోల్చను. కానీ ఆ తొవ్వల్లో నీటి విలువ ఎంతో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఎండాకాలం వచ్చిందంటే చిన్న వాగులు ఎండిపోతాయి. కవ్వాల్ అడవిలో జంతువుల కోసం అటవీశాఖ వాళ్లే ట్యాంకర్లతో తొట్లు నింపాల్సి వస్తుంది. కాబట్టి దారిలో ఎక్కడో నీళ్లు దొరుకుతాయిలే అన్న ధీమాతో బయలుదేరొద్దు. వాగులో పారుతున్న నీళ్లు కనిపించినా మరగబెట్టకుండా తాగొద్దు.

ఇక దుకాణానికి వెళ్దాం. సంచుల ధరలు కొన్ని వందల రూపాయల నుంచి పది వేలు దాటేదాకా ఉన్నాయి. ధర చీటీ పక్కన పెట్టి సంచిని వెనక్కి తిప్పండి. వీపుకు తగిలే వైపు చూడండి.

చౌక రకంలో అక్కడ బల్లపరుపు స్పాంజి ఉంటుంది, దాని మీద రంధ్రాల గుడ్డ కుట్టి ఉంటుంది. చూడటానికి గాలి ఆడేదే అనిపిస్తుంది. వేలితో నొక్కి చూడండి, గుడ్డ వెనక స్పాంజి ఎక్కడా తెగకుండా ఒకే దిమ్మెలా తగిలితే ఆ రంధ్రాలు అలంకారానికే. గాలి లోపలికి రావడానికి ఒక దారి, బయటికి పోవడానికి ఒక దారి ఉండాలి. రెండూ లేకపోతే అది చెమటను పీల్చుకుని తడి దుప్పటిని వీపుకు కట్టినట్టే ఉంటుంది. ఆ రకం నేను ఎవరికీ చెప్పను.

రెండో రకంలో స్పాంజి విడివిడి దిండ్లుగా ఉంటుంది. మధ్యలో పైనుంచి కిందికి లోతైన కాలువ వదిలేస్తారు. వీపు వెన్నుపూస దగ్గర ఆ కాలువలో గాలి తిరుగుతుంది, దిండ్లు తగిలిన చోట మాత్రం తడుస్తుంది. సంచి ఒంటికి దగ్గరగా కుదురుగా ఉంటుంది. బండల మీద ఎగిరి దూకేవాళ్లకు, వేగంగా దిగేవాళ్లకు ఇదే మంచిది. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు గుట్టల మీద చిన్న చిన్న ఎక్కుళ్లు, దిగుళ్లు తొక్కేవాళ్లకు నేను ఈ రకమే చెబుతాను. కాలువ లోతు మీ వేలు మందమైనా ఉందో లేదో చూడండి, లేకపోతే నీళ్ల బరువుకు దిండ్లు అణిగి కాలువ పూడిపోతుంది.

మూడో రకం జాలీ చట్రం. ఉక్కు తీగతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన వంపు చట్రానికి జాలీని బిగించి కడతారు. వీపుకూ సంచి గోడకూ మధ్య చేయి దూరేంత సందు ఉంటుంది. గాలి పక్కలనుంచీ పైనుంచీ తిరుగుతుంది. మన ఒంటి వేడి నీళ్లకు అంతగా సోకదు, అది అదనపు మేలు. ఆదిలాబాద్ వైపు పొడుగాటి ఎక్కుళ్లు, నిదానమైన అడవి బాటలు తొక్కేవాళ్లు ఫిబ్రవరి తర్వాత కూడా బయటికి పోవాలనుకుంటే దీన్ని మించింది లేదు. దీనికీ లోపాలున్నాయి. బరువు వీపుకు దూరంగా జరుగుతుంది, కాబట్టి రాళ్ల దిగుడులో సంచి ఊగి మనిషిని పక్కకు లాగుతుంది. చట్రం వంపు వల్ల లోపలి చోటు తగ్గుతుంది, నిండు నీళ్ల తిత్తిని దూర్చడం కొంచెం పెనుగులాటే. అన్నిటికన్నా పెద్ద లోపం చూడగానే కనిపించదు. నీళ్లు నింపిన తిత్తి ఉబ్బి చట్రంలోకి పొడుచుకొచ్చి, ఏ సందు కోసం డబ్బు పెట్టామో ఆ సందునే మూసేస్తుంది.

అందుకని ఖాళీ సంచిని చూసి ఎప్పుడూ కొనొద్దు. దుకాణదారుని అడిగి తిత్తిలో రెండు లీటర్లు పోయించండి. వెనక గోడ ఉబ్బకుండా గట్టి పలక ఉందా, తిత్తి మధ్యలో అతుకు వేసి బల్లపరుపుగా ఉండేలా చేశారా చూడండి. తగిలించుకుని సైకిల్ మీద కూర్చున్నట్టు ముందుకు వంగండి. పక్కనున్న మనిషిని వీపుకూ సంచికీ మధ్య అరచేయి పెట్టి చూడమనండి. చేయి అడ్డం లేకుండా పైనుంచి కిందికి జారితే గాలి కూడా ఆడుతుంది. అలాగే వంగి ఉండి తల పైకెత్తండి. హెల్మెట్ వెనక భాగం సంచికి తగిలితే ఆ సంచి మీకు పొడుగు. దిగుడులో ముందుకు చూడాలంటే తల ఎత్తక తప్పదు, ప్రతిసారీ సంచి హెల్మెట్‌ను కళ్ల మీదికి తోస్తుంది.

వీపు పొడుగు కొలవడం తేలిక. తల వంచితే మెడ కింద ఒక ఎముక ఉబ్బుగా తగులుతుంది. అక్కడినుంచి రెండు తుంటి ఎముకల పై అంచులు కలిపే గీత దాకా టేపుతో కొలవాలి. మంచి కంపెనీలు ఈ కొలత ప్రకారం చిన్నా పెద్దా సైజులు చేస్తాయి. ఆడవాళ్లకు భుజం పట్టీలు లోపలికి వంపు తిరిగినవి సౌకర్యంగా ఉంటాయి. ఛాతీ పట్టీ పైకీ కిందికీ జరిగేదై ఉండాలి. భుజం పట్టీలకు కూడా జాలీ ఉందా లేదా అన్నది చాలామంది చూడరు. చంక దగ్గర ఒరుసుకుని చర్మం లేచేది అక్కడే. నడుము బెల్టు వెడల్పుగా ఉంటే పొట్ట మీద వేడి, సన్నటి పట్టీ చాలు, ఊగకుండా పట్టుకుంటే సరిపోతుంది.

సంచి పెద్దదైతే మంచిదనుకుని పాతిక లీటర్లది కొనేవాళ్లున్నారు. చోటుంటే సామాను చేరుతుంది. సామాను చేరితే జాలీ సాగి వీపుకు ఆనుతుంది, గాలి పోతుంది. నీళ్లకు రెండు లీటర్ల తిత్తి, మిగతా సామానుకు ఎనిమిది నుంచి పన్నెండు లీటర్ల చోటు చాలు. మన తొవ్వల్లో తుమ్మ ముళ్లు, రేగు ముళ్లు పంక్చర్ చేయని రోజు ఉండదు కాబట్టి ట్యూబు, పంపు, ప్యాచీలు తప్పనిసరే. వాటిని సీటు కింద చిన్న సంచిలోనో, ఫ్రేముకు కట్టుకునో పెట్టండి. వీపున నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, కట్టు కట్టే గుడ్డ, ఫోను ఉంటే చాలు.

అసలు ఈ సంచి అక్కర్లేనివాళ్లు కూడా ఉన్నారు. కరీంనగర్ నుంచి తారు రోడ్డు మీద ఊళ్ల మధ్యగా ముప్పై, నలభై కిలోమీటర్లు తొక్కి వచ్చేవాళ్లకు సైకిల్ ఫ్రేముకు రెండు సీసాలు చాలు. ఏ సంచీ లేని వీపును మించి గాలి ఆడేది ఏదీ లేదు. సంచి అవసరం మొదలయ్యేది మట్టి బాటలోనే. ఎగుడుదిగుడులో హ్యాండిల్ మీదినుంచి చేయి తీసి సీసా అందుకోవడం కుదరదు. వానాకాలంలో రేగడి మట్టి చక్రానికి అంటుకుని సీసా మూతి మీద చిందుతుంది, అందులో పశువుల పేడ కూడా ఉంటుంది. గొట్టమైతే నోటి దగ్గరే శుభ్రంగా ఉంటుంది. మధ్యేమార్గంగా నడుముకు కట్టుకునే చిన్న సంచులు వచ్చాయి, లీటరున్నర దాకా పడుతుంది, వీపు మొత్తం ఖాళీగా ఉంటుంది. రెండు గంటలు మించని ప్రయాణాలకు అవి బాగుంటాయి.

వీపున నీళ్లు మోయడం గురించి మాట్లాడుతూ ఆదిలాబాద్ పత్తి చేన్ల సంగతి చెప్పకుండా ఉండలేను. మనం సరదాకు రెండు లీటర్లు మోస్తూ జాలీ చట్రం వెతుక్కుంటున్నాం. పత్తికి మందు కొట్టే మనిషి 16 లీటర్ల పంపు మోస్తాడు. ఆ ప్లాస్టిక్ డబ్బా నేరుగా వీపుకు ఆనుకుని ఉంటుంది. అది కారితే చెమటతో తడిసిన చర్మం మీదికే మందు దిగుతుంది. 2017లో పెన్‌గంగ అవతల యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ రైతులూ కూలీలూ విషప్రభావంతో ప్రాణాలు కోల్పోయారు. సైకిల్ సంచికి చట్రం బిగించే తెలివి పంపు తయారుచేసేవాళ్లకు చేరాలి. పంపుకు వెనక దిండ్లు, మధ్యలో గాలి కాలువ పెట్టడం పెద్ద ఖర్చు కాదు. సంచులు అమ్మే దుకాణంలో అడిగే ప్రశ్నలే పంపులు అమ్మే దుకాణంలో కూడా అడగండి. కారని పంపును, వీపుకు దూరంగా నిలిచే పంపును కొనండి. మందు కొట్టేటప్పుడు ఒంటి నిండా బట్టలు వేసుకోవడం, తడిసిన చొక్కాను వెంటనే విప్పి ఒళ్లు కడుక్కోవడం మరవొద్దు.

నీళ్ల విషయానికి వస్తే, ఎండలో తొక్కేటప్పుడు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు చాలామందికి సరిపోతుంది. గుటక గుటకగా తాగాలి. బయలుదేరేముందూ వచ్చాకా బరువు చూసుకుంటే మీ లెక్క మీకే తెలుస్తుంది, కిలో తగ్గితే దాదాపు లీటరు తక్కువ తాగినట్టు. బరువు పెరిగితే అతిగా తాగినట్టు, అదీ ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. మూడు గంటలు దాటిన ప్రయాణానికి ఓఆర్ఎస్ కలిపిన సీసా ఒకటి సైకిల్‌కు తగిలించుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతలో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, వాటితో పాటు పొటాషియం, సిట్రేటు ఉంటాయి. దాన్ని సంచి తిత్తిలో మాత్రం పోయొద్దు. గొట్టం లోపల తీపి నిలిచి బూజు పడుతుంది. తిత్తిలో మంచినీళ్లే ఉండాలి. రాత్రి మూడో వంతు నీళ్లు పోసి, తిత్తిని పడుకోబెట్టి ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున మిగతా నీళ్లు నింపితే చాలాసేపు చల్లగా ఉంటాయి. ఎండకు గొట్టంలోని నీళ్లు మాత్రం కాగుతాయి. తాగడం అయ్యాక గొట్టంలోకి ఊదితే ఆ నీళ్లు తిరిగి తిత్తిలోకి పోతాయి, తర్వాతి గుటక చల్లగా వస్తుంది. ఇంటికి వచ్చాక వంటసోడా నీళ్లతో కడిగి, లోపల గరిటె నిలబెట్టి గోడలు అతుక్కోకుండా ఆరబెట్టండి. జాలీ మీద తెల్లటి ఉప్పు మరకలు కట్టిన రోజునే మామూలు నీళ్లతో కడగండి, గట్టిపడ్డ జాలీ చర్మాన్ని గీకుతుంది.

జాలీ మీద నమ్మకంతో మధ్యాహ్నం గుట్ట ఎక్కేవాళ్లకు ఒక మాట. ఎండాకాలంలో తొమ్మిదికల్లా నీడకు చేరాలి. జూలై, ఆగస్టు నెలల్లో గాలిలోనే తేమ నిండి ఉంటుంది, చెమట ఎలాగూ సరిగ్గా ఆరదు, అప్పుడు ఏ చట్రమూ పూర్తిగా ఆదుకోదు. వేగం తగ్గించి, ఎక్కువసార్లు ఆగడమే దారి. డిసెంబరు, జనవరిలో దీనికి వ్యతిరేకం. చెమట పట్టిన వీపుతో ఘాట్ దిగితే చలి ఎముకల్లోకి పోతుంది, దిగేముందు సంచికీ వీపుకూ మధ్య పొడి తువ్వాలు పెట్టుకోండి. కుంటాల, పొచ్చెర జలపాతాల వైపు తొక్కడానికి వానలు వెనకబట్టిన అక్టోబరు, నవంబరు నెలలే నాకు ఇష్టం. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. కోర్ ప్రాంతంలోకి అనుమతి లేకుండా చక్రం పెట్టొద్దు.

వెంట వచ్చినవాళ్లెవరైనా మాట తడబడుతుంటే, నడక తూలుతుంటే, ఒళ్లు కాలిపోతుంటే మొదట చేయాల్సింది వీపు మీది సంచి తీసేయడం. ఆ తర్వాత నీడలో పడుకోబెట్టి, ఆ సంచిలోని నీళ్లతోనే ఒళ్లంతా తడిపి, టవలుతోనో అట్టముక్కతోనో గట్టిగా విసరండి. ఒకరు 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

కొత్త సంచి కొన్నాక, తిరిగి ఇచ్చే గడువు లోపే ఒకసారి నిండు నీళ్లతో ఎలగందుల దాకా తొక్కి రండి. ఊదా రంగుదో, బూడిద రంగుదో పాత కాటన్ చొక్కా వేసుకోండి, తడి బాగా కనిపిస్తుంది. దిగగానే చొక్కా విప్పి వీపు భాగం చూడండి. ఒకే పెద్ద తడి మచ్చ ఉంటే సంచి వీపుకు అతుక్కుని ఉన్నట్టు, భుజం పట్టీలు కొంచెం వదులు చేసి, నడుము పట్టీ బిగించి మళ్లీ తొక్కి చూడండి. మధ్యలో పొడి గీత కనిపిస్తే కాలువ పనిచేస్తోంది. అంచుల్లో మాత్రమే తడి ఉంటే జాలీ చట్రం మీకు కుదిరింది, ఉంచుకోండి. రెండోసారి కూడా ఒకే మచ్చ వస్తే బిల్లు తీసుకుని దుకాణానికి వెళ్లి మార్చుకోండి.